రెండు తీర్ల బియ్యం

చనిపోయిన రోజు పొద్దున మా అత్తమ్మ ఎసట్లో పోయాల్సిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి, పొయ్యి పక్కనున్న పాలపొడి డబ్బాలో వేసింది. చెయ్యి దులుపుకుని బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్ళింది. పదిన్నరకు నేను బడిలో పాఠం చెబుతుండగా కబురొచ్చింది. అది 2008 ఆగస్టు.

ఆమె పేరు ఎస్తేరు. శామీర్‌పేటలో మా సంఘం ఆడవాళ్ళు అన్నం వండే ముందు పిడికెడు బియ్యం పక్కన పెట్టి, ఆదివారం గుడికి తెస్తారు. అదంతా పాస్టరుగారింటికి వెళ్ళేది. 1997లో అత్తమ్మ ఆయన్నే అడిగి, అందులో సగంతో మేడ్చల్ రోడ్డు ఇటుక బట్టీల పిల్లలకు వండిపెట్టడం మొదలుపెట్టింది. పాలమూరు తండాల నుంచి దీపావళి తర్వాత వచ్చి, వానలకు ముందు వెళ్ళిపోయే కూలీల పిల్లలు వాళ్ళు.

మొదటి రోజే అన్నం చెడింది. నలభై ఇళ్ళ బియ్యం, సన్నవీ దొడ్డువీ, పాతవీ కొత్తవీ, అన్నీ ఒకే గిన్నెలో పోసేసింది. సగం జావ, సగం పలుకు. దుర్గాబాయి అనే తొమ్మిదేళ్ళ పిల్ల ఒక గింజ కొరికి చూసి, "అవ్వా, గిండ్ల రెండు తీర్ల అన్నమున్నది. నేను ఏది తినాలె?" అని అడిగిందట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పుకుని చెప్పుకుని నవ్వింది అత్తమ్మ. అప్పటినుంచి ఆదివారం మధ్యాహ్నం చాప మీద బియ్యం పోసి, జల్లించి, రెండు కుప్పలు చేసేది. దొడ్డువి ముందు పొయ్యి మీద వేసి, సగం ఉడికాక సన్నవి కలిపేది.

ఆ పిల్లను సర్కారు బడిలో కూడా చేర్చింది. మూడు నెలల్లో పిల్ల చదవడం నేర్చింది. మే చివర్లో చిక్కొచ్చింది. బట్టీ మూసేస్తున్నారు. దుర్గ వాళ్ళ అమ్మతో తండాకు వెళ్తే, మళ్ళీ వచ్చేసరికి బడి సగం సంవత్సరం దాటుతుంది. చదువు అక్కడితో ఆగినట్టే. వానాకాలమంతా, దీపావళి దాకా మా ఇంట్లో ఉంచుకుంటానని అత్తమ్మ అడగడానికి వెళ్ళింది. నేనూ వెంట ఉన్నాను.

వాళ్ళమ్మ తారాబాయి ఇటుక మూస కడుగుతూ తలెత్తకుండానే విన్నది.

"ఇచ్చినంక పేరు మారుస్తరంట గదా అక్కా. నేనొచ్చి పిలిస్తే నా బిడ్డ పలుకుతదా?"

భయం ఊరికే పుట్టలేదు. పిల్లకు ముందు బైబిలు పేరు పెట్టాలని మా సంఘపెద్ద యోహానుగారు అప్పటికే నలుగురిలో అన్నారు. మన బియ్యం తిన్న పిల్లకు మన పేరు పెట్టుకోవద్దా అని ఆయన వాదన. బియ్యం మనవే, పిల్ల మాత్రం ఆమెది అని అత్తమ్మ ఆయనకు జవాబిచ్చింది.

అత్తమ్మ తారాబాయి ముందు కింద కూర్చుంది. "పేరు నువ్వు పెట్టినవ్, గట్లనే ఉంటది. మేం ప్రార్థన చేసుకుంటుంటే కూసుంటే కూసుంటది, లేకుంటే ఆడుకుంటది. దీపావళి అయినంక వచ్చి చూసుకో. సన్నగైతే నన్ను తిట్టు."

"తిడత," అంది తారాబాయి. మూస బోర్లించి పెట్టి మళ్ళీ అంది, "మస్తు తిడత."

అలా దుర్గ మా ఇంటికొచ్చింది. దీపావళి తర్వాత వాళ్ళమ్మ గుమ్మంలోనే కూతురి జబ్బలు పట్టి చూసి, తిట్టడానికేమీ దొరక్క నవ్వేసింది. అలా నాలుగు వానాకాలాలు గడిచాయి. ఆపైన ఆ పిల్ల హాస్టల్లో చేరింది, దుర్గాబాయి పేరుతోనే. తారాబాయి మాత్రం ఏటా బట్టీకొచ్చిన వారంలో అత్తమ్మను చూడ్డానికి వచ్చేది.

ఆ రోజుల్లో ఒక్కటే నాకు విసుగు. దీపావళి దాటాక వచ్చే ఆదివారాల్లో, గుడి బియ్యంలో దొడ్డు గింజలు కొన్ని ఉండేవి. సగం రాళ్ళే. గుడికి తెచ్చేటప్పుడైనా ఏరి తేవద్దా, ఎవరింటివి ఇవి అని సణిగేదాన్ని. "నేను ఏరుత తియ్, నువ్వు పోయి కాపీలు దిద్దుకో," అనేది అత్తమ్మ. కళ్ళద్దాలు పెట్టుకుని సాయంత్రం దాకా ఏరేది. ఒక్క గింజ పారేసేది కాదు. ఎవరివో మాత్రం చెప్పేది కాదు.

అత్తమ్మ పోయాక ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికకు దుర్గ వచ్చింది. అప్పటికి మేడ్చల్‌లో నర్సు చదువుతోంది. వంటింట్లో నాకు సాయం చేస్తూ పాలపొడి డబ్బా మూత తీసి చూసి, తండాలో వాళ్ళమ్మకూ ఇలాంటిదే ఒకటుందని చెప్పింది. తనను మా ఇంట్లో వదిలి వెళ్ళిన మొదటి వానాకాలం నుంచి తారాబాయి వండినప్పుడల్లా పిడికెడు తీసిపెట్టి, దీపావళి తర్వాత మూటగట్టి తెచ్చి, గుడి బియ్యంలో కలపమని అత్తమ్మ చేతికిచ్చేదట.

ఎవరికీ చెప్పొద్దని తారాబాయే అడిగిందట. రాళ్ళుంటాయని సిగ్గు.