పాత గేటు దగ్గర నేనివ్వని సాక్ష్యం

దయ్యాల మాట ఎత్తితే నవ్వేవాళ్ళలో నేనొకణ్ణి. రెవెన్యూలో ముప్పై అయిదేళ్ళు పనిచేసి ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. శ్మశానాలకు కొలతలు తీశాను. మనిషి ఉరి వేసుకున్న ఇంట్లో ఒక్కడినే కూర్చుని సామాన్ల జాబితా రాశాను. ఎప్పుడూ ఏమీ కనబడలేదు, వినబడలేదు. పదిహేడో ఏట నుంచి రోజూ డైరీ రాస్తున్నాను, అందులో ఎక్కడా అలాంటి మాట లేదు. ఒక్క రోజు పేజీలో ఉండవలసింది. అక్కడా రాయలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మాది అమలాపురం. రిటైరయ్యాక నన్ను పట్టుకున్న పని కోటిపల్లి రైలు చరిత్ర. వెనకటికి కాకినాడ నుంచి గోదావరి ఒడ్డున కోటిపల్లి దాకా రైలు నడిచేది. మా కోనసీమ వాళ్ళు ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటి వెళ్ళి ఆ రైలెక్కేవారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో దాని పట్టాలు పీకి పట్టుకుపోయారు. చాలా ఏళ్ళ తరవాత కొత్త లైను వేశారు గాని, నాకు కావలసింది ఆ పాతది. దాన్ని కళ్ళారా చూసినవాళ్ళు పోకముందే వాళ్ళ మాటలు చిన్న పుస్తకంగా వెయ్యాలనుకున్నాను.

నా పద్ధతి ఉద్యోగంలో అలవాటైనదే. చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాను, చదివి వినిపిస్తాను, సంతకమో వేలిముద్రో వేయించుకుంటాను. ఏ సంగతైనా ఇద్దరు సాక్షులు చెబితేనే పుస్తకంలోకి ఎక్కిస్తాను. ఒక్కరే చెబితే వదిలేస్తాను.

పోయిన ఏడాది వేసవిలో, ద్రాక్షారామం దాటాక ఒక ఊళ్ళో సూరమ్మగారనే పెద్దావిడ ఉన్నారని తెలిసింది. ఊరి పేరు రాయను. తొంభై దాటిన మనిషి. ఆవిడ తండ్రి ఆ పాత లైను మీద గేటు కాపలా కాసేవాడు. అక్కడ కొత్త లైను కాస్త పక్క నుంచి పోవడంతో పాత కట్ట ముక్కొకటి, దాని కింద ఇటుక తూము చేల మధ్య మిగిలిపోయాయి. గేటు ఎప్పుడో పోయింది. చేలల్లోకి బళ్ళు పోయే పుంతదారి మాత్రం కట్టను దాటుకుని పోతుంది.

సూరమ్మగారు రోజూ నాలుగింటికి కర్ర పట్టుకుని అక్కడికి వెళ్ళి దారికి అడ్డంగా నిలబడేవారు. రైలొచ్చే వేళయిందని, వచ్చే మోటారు సైకిళ్ళను చెయ్యెత్తి ఆపేవారు. కొందరు నవ్వి ఆగేవారు, కొందరు తప్పించుకుని పోయేవారు. ఒకసారి బండి తగిలి ఆవిడ మోచెయ్యి విరిగింది. అప్పటి నుంచి కొడుకు సత్తిబాబు ఆవిడను ఆ వేళకు గదిలో పెట్టి గొళ్ళెం వెయ్యాలని చూస్తున్నాడు. అతనికీ అరవయ్యేళ్ళుంటాయి. చెడ్డవాడు కాదు.

“రైలు మీద పుస్తకం రాసేవారు కదండీ, అక్కడేదైనా ఉందో లేదో మీరే తేల్చండి,” అన్నాడు నాతో. “ఉందంటే నేనే గొడుగు పట్టుకుని పక్కన నిలబడతాను. లేదంటే తలుపేసేస్తాను.”

“గొడుగు మాట తరవాత, ముందు నీ బండి ఆపరా. అందరికంటే నువ్వే జోరుగా పోతావు,” అన్నారు సూరమ్మగారు. తరవాత నాకేసి తిరిగి, “నాలుగు దాటేక ఆ తూము మీద చెయ్యెట్టి చూడండి బాబూ. గొడ్లకి తెలుస్తంది, మనుషులకే తెలీదు,” అన్నారు.

మీరొక్కరే చెబితే రాయను, ఇంకో సాక్షి కావాలి అన్నాను.

“ఆయ్, మీరున్నారు కదండీ,” అని నవ్వారు.

మర్నాడు ఒక్కడినే వెళ్ళాను. టేపుతో తూము కొలతలు తీసి రాసుకున్నాను. ఎండ బాగా ఉంది, ఆకు కదలడం లేదు. నాలుగూ పన్నెండుకు గేదెల మంద ఒకటి పుంతలో ఇంటికి వస్తోంది, కాపరి బాగా వెనక ఉన్నాడు. కట్టకు పది గజాల ఇవతల ముందు గేదె ఆగింది. దాని వెనక అన్నీ ఆగాయి.

నా అరచెయ్యి తూము మీదే ఉంది. ఇటుకలు అదరడం మొదలైంది. స్టేషన్లో బండి కంటికి కనబడకముందే కాళ్ళ కింద తెలిసే అదురు ఉంటుంది, అచ్చం అదే. పెరిగింది, చెయ్యంతా నిండింది, మెల్లగా తగ్గింది. పక్కన పెట్టుకున్న సీసాలో నీళ్ళు వణకడం చూశాను. చప్పుడు మాత్రం ఏమీ లేదు. అది ఆగాక గేదెలు కదిలాయి. వాచీ చూసుకుంటే మూడు నిమిషాలు.

దారి మీద లారీ లేదు, చేలలో ట్రాక్టరు లేదు. కొత్త లైను మీద ఆ రోజు బండే తిరగలేదని తరవాత వాకబు చేసి తెలుసుకున్నాను. గేదెలెందుకు ఆగాయని కాపరిని అడిగాను. “రోజూ ఆగుతాయండి. నీడకేమో,” అన్నాడు. అక్కడ నీడ లేదు.

సూరమ్మగారింటికి వెళ్ళేసరికి సత్తిబాబు, ఇంకో ఇద్దరు ఊరి పెద్దలు అరుగు మీద కూర్చుని ఉన్నారు. “ఏం తేల్చేరండీ ఆర్‌ఐ గారూ?” అన్నాడు ఒకాయన, నవ్వు ఆపుకుంటూ.

చెబుదామనే నోరు తెరిచాను. ఆ నవ్వు చూశాను. ఈ మాట అమలాపురం చేరితే నా తోటి పెన్షనర్లు ‘ఈయనకీ తగులుకుంది’ అంటారనిపించింది. పైగా పుస్తకం రాసేవాణ్ణి.

“ఏమీ లేదండి. ఉత్త మట్టి కట్ట,” అన్నాను.

సూరమ్మగారు గుమ్మంలో కూర్చుని ఉన్నారు. నా ముఖంలోకి చాలాసేపు చూశారు. “ఆయ్. అయితే లేదన్నమాటండి,” అన్నారు, ఎంతో మర్యాదగా.

నేను అంతటితో ఊరుకోలేదు. నా పద్ధతి ప్రకారం ఆవిడ చెప్పిన పాత సంగతులన్నీ చదివి వినిపించాను. గేటు దగ్గర ఇప్పుడేమీ లేదన్న వాక్యం చివర కలిపాను. ఆవిడ వేలు నేనే పట్టుకుని సిరా అద్ది ముద్ర వేయించాను.

ఇంటికి వచ్చాక మా ఆవిడ చొక్కా అందుకుని, “ఏ కుంపటి దగ్గర కూర్చునొచ్చేరండీ, ఇంత బొగ్గు వాసన?” అంది. కాలరు మీద సన్నటి మసి ఉంది. గోదావరి దాటేటప్పుడు పంటు మీద పట్టిందేమో అన్నాను. పంటు నడిచేది డీజిలుతో. ఆ రోజు డైరీలో తూము కొలతలు రాసి, కింద ‘విశేషం లేదు’ అని రాశాను.

పుస్తకం అచ్చయింది. ఈ ఏడాది ఒక కాపీ పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. సూరమ్మగారి గదికి బయట గొళ్ళెం పెట్టి ఉంది. అది చూశాక ఆగలేక, జరిగిందంతా సత్తిబాబుకు చెప్పేశాను. అతను పుస్తకం పక్కన పెట్టాడు.

“అప్పుడే చెప్పాల్సిందండి. ఇప్పుడు నేను తలుపు తీసినా రాదండి. గొళ్ళెం ఆవిడే పెట్టించుకుంటంది. ‘చదువుకున్నాయన చెయ్యెట్టి చూసి లేదన్నారు, మతి నాకే పోయిందిరా, నా వల్ల ఎవరికైనా దెబ్బ తగుల్తాది, నన్ను బయటికి రానివ్వకు’ అంటంది.”

లోపలికి వెళ్ళి ఆవిడ మంచం పక్కన కూర్చున్నాను. గేదెలు ఆగడం, ఇటుకల అదురు, సీసాలో నీళ్ళు, చొక్కా మీద మసి అన్నీ చెప్పాను. అబద్ధమాడానని కూడా చెప్పాను. అన్నీ విని నా చెయ్యి తట్టారు.

“నా మనసు కష్టపెట్టకూడదని అంటన్నారు. మంచోరు బాబూ మీరు. మా కోడలు కాఫీ ఇచ్చిందా?”

మళ్ళీ చెప్పబోయాను. ఆవిడ వాకిట్లో ఎండ ఎంతవరకు వచ్చిందో చూశారు. “నాలుగు దాటేసినట్టుంది. వెళ్తా వెళ్తా ఆ గొళ్ళెం పెట్టెయ్యండి,” అని గోడకేసి తిరిగి పడుకున్నారు.

బయట ఎవరూ లేరు. నేనే తలుపు దగ్గరగా వేసి గొళ్ళెం పెట్టాను. చెయ్యి తీసేలోపు ఆ ఇనుము నా వేళ్ళ కింద సన్నగా అదరడం మొదలుపెట్టింది. కట్ట అక్కడికి అరమైలు ఉంటుంది. వణికేది నా చెయ్యేమోనని తీసేశాను. తీశాక కూడా గొళ్ళెం అదురుతూనే ఉంది.

అదేమిటో నేటికీ చెప్పలేను. ఆ క్షణంలో తలుపు తీసి, ఆవిడను లేపి, ఆవిడ చెయ్యి దాని మీద పెట్టించవలసింది. అది ఆగేదాకా చూస్తూ నిలబడి, అరుగు దిగి వచ్చేశాను.