వార్తలు చూసే అక్క

మణికొండలో మా పాపను చూసుకోవడానికి వచ్చే అక్క సీరియళ్లు చూసేది కాదు. టీవీలో ప్రధాని విమానం ఎక్కితే చాలు, పాపకు అన్నం తినిపిస్తున్న చెయ్యి ఆగిపోయేది.

"ఇయ్యాల ఏ దేశం పోయిండు మేడం?"

"ఈసారి నిన్నూ తీసుకెళ్లమని చెప్పనా అక్కా?" అని మావారు ఆటపట్టించేవారు.

ఒకరోజు ప్రధాని ఒక గల్ఫ్ దేశపు పాలకుడితో కలిసి హైటెక్ సిటీకి వచ్చారు. అక్కడే ఉన్న మా ఆఫీసు క్యాంటీన్ టీవీలో ఆ కాన్వాయ్ చూస్తున్నాను. బారికేడ్ దగ్గర, పోలీసుల మధ్య, అక్క చంకలో మా పాప! లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లు దిగి పరుగెత్తాను.

నేను చేరేసరికి కార్లు వెళ్లిపోయాయి. ఒక అధికారి అక్క చేతిలోని అర్జీ తీసుకుంటున్నాడు. పాపను లాక్కున్నాను.

"నా బిడ్డను ఇక్కడికెందుకు తెచ్చావ్?"

"చంటిపిల్ల ఉంటే పోలీసోళ్లు నూకరు మేడం. మా ఆయన ఆ దేశంల జైల్ల ఉన్నడు. మూడేండ్లాయె."

రేపటి నుంచి రావద్దన్నాను.

"రాను గనీ, జవాబొస్తే జర చెప్పుండ్రి. మాది కిరాయి గది, ఎన్నడు ఖాళీ చేయమంటరో ఏమో. గందుకే మీ అడ్రసు రాయించిన."

నిన్న ఢిల్లీ నుంచి కవరు వచ్చింది. ఆమె పేరు కింద, కేరాఫ్ అని నా పేరు. భర్త పాస్‌పోర్టు నకలు వెంటనే పంపమని రాశారు. అక్క ఫోన్ పనిచేయడం లేదు. ఇవాళ వాళ్ల గదికి వెళ్తే, గుమ్మం ముందు ఎవరో కొత్తగా అద్దెకు దిగినవాళ్ల చెప్పులున్నాయి.