బ్రహ్మం బాబాయి పూచీకత్తు

బరంపేటలో మా పక్కింటి బ్రహ్మం బాబాయి ఎవర్నీ ఏదీ అడగడు. దారి అడగడు, టైము అడగడు, భోజనాల దగ్గర ఉప్పు అడగడు. పెళ్లిళ్లకు చొక్కా జేబులో ఉప్పు పొట్లం పెట్టుకుని పోతాడు.

ఒకసారి వినుకొండ పోవాల్సిన మనిషి, బస్సు ఎటు పోతుందో అడగకుండా ఎక్కి కూర్చున్నాడు. కండక్టరు వచ్చి ఎక్కడికంటే "చివరిదాకా" అన్నాడు. తీరా చివర మాచర్ల అయింది. సాయంత్రానికి తిరిగొచ్చి, పని కట్టుకుని పోయినవాడిలా, "మాచర్ల చానా మారిందిరా" అన్నాడు నాతో.

"నన్ను చేసుకుంటావా అని కూడా అడగలేదయ్యా ఈయన," అంటుంది మహాలక్ష్మి పిన్ని. "వాళ్ల మేనత్త వచ్చి అడిగిపోయింది."

ఆయనది మోటారు వైండింగు షాపు. సంపాదించిందంతా అడగాల్సిన అవసరం రాకుండా చూసుకోవడానికే పోతుంది. నిచ్చెన అడగాల్సొస్తుందని నిచ్చెన కొన్నాడు. పంపు, గుండిగలు, తాడు, ఒక గ్యాసు బండ ఎక్స్‌ట్రా. నిచ్చెన వీధిలోకి గోడకు ఆనించి ఉంటుంది, బండ వసారా అంచున ఉంటుంది.

"లోపల పెట్టొచ్చుగా, ఎవడన్నా ఎత్తుకుపోతాడు," అని పిన్ని గోల.

"లోపల చోటు లేదు," అంటాడు బాబాయి. లోపల నాలుగు నిచ్చెనలు పట్టే చోటుంది.

ఎదురింటి షకీలా జాకెట్లకు మగ్గం పని చేస్తుంది. ఏళ్లుగా తన డిజైన్ల ఫోటోలన్నీ ఏదో యాప్‌లో పేజీ పెట్టి చూపించుకునేది. మొన్న ఆ పేజీ కాస్తా మూతబడింది. ఎందుకో చెప్పేవాడు లేడు. అదే వారం గుంటూరు నుంచి పెళ్లి బట్టల షాపాయన ఫోను చేశాడు: "శుక్రవారం పెద్ద పార్టీ వస్తోందమ్మా. మా షాపు టీవీలో చూపిస్తా, లింకు పంపు. ఫోటోలు కుప్పపోస్తే నాకు కుదరదు. లేదంటే వేరేవాళ్లవి చూపిస్తా." షకీలా ఈ సంగతంతా గోడ దగ్గర నిలబడి పిన్నికి చెప్పి కళ్లు తుడుచుకుంది. బాబాయి వసారాలో పేపరు చదువుతున్నాడు. తల కూడా ఎత్తలేదు.

మర్నాడు చూస్తే వాళ్లింట్లో బియ్యం డ్రమ్ముకూ గ్రైండరుకూ మధ్య పాత కంప్యూటరొకటి గుర్రుమంటోంది.

"ఏంది బాబాయ్ ఇది?"

"సర్వరు. ఆ పిల్ల బొమ్మలు ఇందులో పెడితే మూసేసే మొగోడెవడు? మన ఇల్లు, మన కరెంటు, మన పెట్టె."

"ఎవరు నేర్పారు?"

"వీడియోలు చూశా. ఒక తమిళాయన చానా బాగా చెప్తాడు."

"నీకు తమిళం వచ్చా?"

"రాదు. ఆయన వేళ్లు చూస్తా."

నాకూ అదే పిచ్చి. రాని పని ఎవరన్నా చేస్తుంటే పక్కన పీట వేసుకుని కూర్చుంటా. తమిళాయన వేళ్లు కనబడని చోట తెర మీది ఇంగ్లీషు నేను చదివి చెప్పేవాణ్ణి. షకీలా పేరు మీద ఒక వెబ్ చిరునామా తీసుకున్నాం. మంగళవారానికి ఇంట్లో వైఫై మీద పేజీ తెరుచుకుంది. బాబాయి షకీలాను పిలిచి ఫోనులో చూడమన్నాడు.

ఫోను నిండా ఎర్ర గుర్తు. షకీలా కూడబలుక్కుని చదివింది. "బాబాయ్, మీ కనెక్షను భద్రంగా లేదంట. దొంగలు వివరాలు కాజేస్తారంట. మీ ఇంట్లో దొంగలున్నారా?"

"ఉన్నది ఈయనొక్కడే," అంది పిన్ని లోపల్నుంచి.

ఆ ఎర్ర గుర్తుతో గుంటూరు షాపాయన టీవీలో ఏం చూపిస్తాడు? గుర్తు పోవాలంటే, ఈ పేజీ నిజంగా వీళ్లదేనని సర్వరుకు సర్టిఫికెట్ ఉండాలి. బాబాయికి సంతోషమేసింది. సర్టిఫికెట్ మనమే తయారుచేసుకోవచ్చని తమిళాయన వేళ్లు చెప్పాయట. ఒక కమాండు కొట్టి, తన పెట్టెకు తనే సర్టిఫికెట్ రాసిచ్చుకున్నాడు. ఫోను ఒప్పుకోలేదు. ఎర్ర గుర్తు అట్లాగే ఉంది.

"నా పెట్టె సంగతి నాకంటే ఎవడికి తెలుసు?" అని ఎగిరాడు బాబాయి.

పిన్ని పప్పు గరిటెతో వచ్చింది. "పెళ్లిచూపులప్పుడు కుర్రాడెట్లాంటోడయ్యా అని మా నాన్న అడిగితే, 'మంచోణ్ణే' అని ఈయనే చెప్పుకున్నాడు. మా నాన్న ఊరుకున్నాడా? ఈయన ఊరు నకరికల్లు పోయి నలుగుర్ని విచారించాకే సరేనన్నాడు. ఫోను కూడా ఆడపిల్ల తండ్రిలాంటిదే. పూచీ బయటోళ్లు పడాల."

అంతకంటే బాగా నాకు ఏ వీడియో చెప్పలేదు.

అట్లా పూచీపడే సంస్థలున్నాయి, సర్టిఫికెట్ ఊరికే ఇస్తాయి. "అడగాలా?" అన్నాడు బాబాయి అనుమానంగా. "అడగడమేముంది, కమాండు కొట్టడమే" అని ఒప్పించాను. వాళ్ల పద్ధతి తేలిక. మేమిచ్చిన చీటీ నీ గుమ్మం దగ్గర పెట్టు, మేమొచ్చి చూసుకుంటాం, చీటీ కనబడితే ఆ ఇల్లు నీదేనని నమ్ముతాం అంటారు. చీటీ అంటే చిన్న ఫైలు, పెట్టెలో పెట్టాం. వాళ్లకు కనబడలేదన్నారు. మళ్లీ పెట్టాం. మళ్లీ అదే మాట.

ఎక్కడ తేడా కొడుతోందో నేను తవ్వి తీసేసరికి బుధవారం గడిచిపోయింది. మాకు నెట్టిచ్చే కేబులాయన గోపీచంద్ మా వీధి మొత్తాన్నీ ఒకటే ఇంటర్నెట్ నంబరు వెనక పెట్టాడు. చూడ్డానికొచ్చినవాళ్లు కేబులాఫీసు దాకా వచ్చి, లోపల ఏ ఇల్లో తెలీక తిరిగిపోతున్నారు.

"మనకు విడిగా ఒక నంబరు కావాలి బాబాయ్. గోపీచంద్‌ని అడిగితే ఇస్తాడు."

బాబాయి మొహం మాడిపోయింది. "ఇంకో దారి చూడు."

గురువారం మధ్యాహ్నం దాకా ఇంకో దారి చూస్తూనే ఉన్నాడు. వైర్లు పీకి మళ్లీ పెట్టాడు. పెట్టెను కేబులాఫీసు వైపు తిప్పి కూడా చూశాడు. షకీలా రెండుసార్లు గుమ్మం దాకా వచ్చింది. ఏమైందని అడగకుండానే వెళ్లిపోయింది. రెండోసారి ఆమె వెళ్లాక బాబాయి చెప్పులేసుకున్నాడు, నేనూ వెనకే పోయాను.

కేబులాఫీసులో గోపీచంద్ కుర్చీ వేశాడు. టీ తెప్పించాడు. బాబాయి ఎండ గురించి మాట్లాడాడు, మిర్చి రేటు గురించి మాట్లాడాడు, పైన ఫ్యాను వైండింగు పోయేట్టుందన్నాడు.

"ఏమన్నా కావాలా బాబాయ్?"

"ఏం వద్దు." లేచాడు. గుమ్మం దాకా పోయి ఆగాడు. వెనక్కి తిరిగి, గోడకేసి చూస్తూ అన్నాడు. "ఒరేయ్ గోపీ. నాకు విడిగా ఒక నంబరు ఇస్తావా?"

గోపీచంద్ చేతిలో టీ ఒలికింది. "ఏమే, ఇట్లా రా!" అని ఇంట్లోకి కేకేశాడు. "బ్రహ్మం బాబాయి అడుగుతున్నాడు! బాబాయ్, ఇంకోసారి అనవా, మావిడ వినలేదు."

"ఇస్తావా చస్తావా?"

నంబరు వచ్చింది. చీటీ కనబడింది. సర్టిఫికెట్ దిగింది. షకీలా ఫోనులో ఎర్ర గుర్తు పోయి బుల్లి తాళం బొమ్మ వచ్చింది, దాని కింద ఆమె నెమళ్లూ మామిడి పిందెలూ బారులు తీరాయి. శుక్రవారం గుంటూరు షాపు టీవీలో అవే ఆడాయి. పెళ్లివాళ్లు జాకెట్లన్నీ షకీలాకే ఇచ్చారు.

ఆ గురువారం కేబులాఫీసు నుంచి తిరిగొచ్చేటప్పుడే అడిగాను. "గోపీచంద్ కాదంటాడనా బాబాయ్, అంత బాధపడ్డావు?"

"కాదంటే నాకేంది? వాడికే కష్టం. లేదని చెప్పడం చానా కష్టంరా. ఇంకోడిని ఆ ఇరకాటంలో ఎందుకు పెట్టాల?" అన్నాడు. కొంచెం దూరం నడిచాక, "అడగడం ఇంకా కష్టం. ఆ పిల్లను చూడు, గుమ్మం దాకా వచ్చి పోయింది" అన్నాడు.

అప్పుడే మా సందు మలుపు తిరిగాం. గోడకు నిచ్చెన లేదు. వెనక వీధి జాన్ సాహెబ్ డాబా మీద ఉంది. వసారా అంచున గ్యాసు బండ కూడా లేదు. ఎవరింట్లో ఉందో బాబాయి అడగలేదు. తీసుకుపోయినవాళ్లూ ఆయన్ని అడిగి ఉండరు. అవి బయటెందుకుంటాయో నాకప్పటిగ్గానీ తట్టలేదు.

ఆ సర్టిఫికెట్ మూడు నెలలే ఉంటుంది. తర్వాత మళ్లీ అడగాలి. ఆ సంగతి చెప్పినప్పుడు బాబాయి చెప్పుల వైపు చూశాడు. గడువు దగ్గరపడితే కంప్యూటరే పోయి అడిగి తెచ్చుకునేట్టు పెట్టొచ్చన్నాను. ఆయన లేచి, గ్రైండరు పక్కనున్న ఆ పెట్టె మీద దుమ్ము కండువాతో తుడిచాడు.

"ఈ బుద్ధి నీకు ముందే ఉంటే," అన్నాడు దానితో, "గోపీగాడి దగ్గరకు నిన్నే పంపేవాణ్ణి."