పల్లేరు ముళ్ళు పీకింది నేనే

గుంటూరు నుంచి కనిగిరికి సైకిళ్ళ మీద బయల్దేరి పొదిలి నుంచే తిరిగొచ్చేశామని మా పొద్దుటి సైకిల్ బృందంలో అందరికీ తెలుసు. ఎందుకొచ్చేశామో మాత్రం నేను అబద్ధం చెప్పాను. దాని బరువు ఆరేళ్ళు నా స్నేహితుడు మోశాడు.

వాడూ నేనూ ఒకే బెంచీలో చదువుకున్నాం. నేను ఆఫీసులో కుదురుకున్నాను, వాడు సైకిల్ షాపు పెట్టాడు. ఆ ప్రయాణానికి రెండు సైకిళ్ళూ వాడే బిగించాడు.

రెండో రోజు దర్శి దాటేసరికి మిట్టమధ్యాహ్నమైంది. పత్తికట్టె మాత్రం మిగిలిన చేలు, అక్కడక్కడా ఎర్రగా పరిచిన మిరప కళ్ళాలు తప్ప చుట్టూ ఏమీ లేదు. సీసాలు ఖాళీ. వాడు నీళ్ళకోసం ఓ కళ్ళం దగ్గరికి నడిచాడు. నేను తుమ్మచెట్టు నీడ చూసుకుని, రెండు సైకిళ్ళనూ ఒకదాని తర్వాత ఒకటి బీడుకు అడ్డంగా నడిపించుకెళ్ళాను. చూస్తే టైర్ల నిండా పల్లేరు కాయలు. కూర్చుని వరసగా పీకాను. ముల్లు ఊడినప్పుడల్లా సన్నగా బుస్సుమంది.

వాడు వచ్చి టైర్లు నొక్కి చూశాడు.

"పీకావా?"

"పీకాను."

"అన్నీనా?"

"అన్నీ."

"ఒక్కటన్నా ఉంచకపోయావురా, చిల్లు ఎక్కడుందో అదన్నా చెప్పేది."

కళ్ళంలో తాలుకాయలు ఏరుతున్న పెద్దావిడ వాడి వెనకే బిందెతో వచ్చింది. "కాల్లో దిగితే పీకాలయ్యా. టైర్లో దిగితే ఊరు చేరిందాకా ఉంచాలి, ఆ ముల్లే బిరడా. సదువుకున్నోళ్ళకి ఇదన్నా తెలవదా?" అని పగలబడి నవ్వింది.

ఆ నీళ్ళలోనే ట్యూబులు ముంచి, బుడగలు చూసుకుంటూ వాడు ప్యాచీలు వేశాడు. ప్యాచీలు అయిపోయాయి గాని చిల్లులు అవలేదు. మిరప టిక్కీలు, అదే మిరపకాయల బస్తాలు, వేసుకెళ్తున్న ట్రాక్టరెక్కి తుమ్ముకుంటూ పొదిలి చేరాం. అక్కడ మా సైజు ట్యూబులు దొరకలేదు. బస్సెక్కేశాం.

మర్నాడు టీ బల్ల దగ్గర బృందం అడిగింది. నాలుగూ తెలిసినవాడినని అక్కడ నాకో పేరుంది. పెద్దావిడ నవ్వు మళ్ళీ వాళ్ళ నోట వినలేననిపించి, "ట్యూబులు నిలబడలేదు" అన్నాను. పక్కనే ఉన్న నా స్నేహితుడు గ్లాసు కింద పెట్టి నావంక చూశాడు. మళ్ళీ గ్లాసు అందుకున్నాడు. అప్పట్నుంచి దూరాలు వెళ్ళేవాళ్ళెవరూ సైకిలు వాడిచేత బిగించుకోలేదు. బ్రేకుకీ బెల్లుకీ వెళ్ళేవాళ్ళు, అంతే. నాకది కనపడుతూనే ఉంది. వాడు నాతో మాట్లాడటం మానలేదు, నా సైకిలుకి నూనె వెయ్యడమూ మానలేదు. అదే ఎక్కువ గుచ్చింది.

మొన్న మిరప కోతల రోజుల్లో, అదే బల్ల దగ్గర వాడి ముందే జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

"ఈ ముల్లు పీకడానికి ఆరేళ్ళు పట్టిందా గురువుగారూ?" అన్నాడొకాయన.

"ఆపండి వాణ్ణి," అన్నాడు నా స్నేహితుడు, "మొదలెడితే అన్నీ పీకుతాడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాడి కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి, టీ ఆవిరనుకోమన్నట్టు గ్లాసు మొహం దగ్గరే పట్టుకున్నాడు. మర్నాడు బృందంలో ఇద్దరు వాడి షాపులో సైకిళ్ళు దింపి, "కనిగిరికి సరిపోయేట్టు బిగించు" అన్నారు.

నలుగురం వెళ్ళాం. దర్శి దాటాక నా ముందు టైర్లో ఒక పల్లేరు కాయ కనపడింది. వంగాను.

"పీకనా?"

"చెయ్యి జేబులో పెట్టుకో. పొదిలి దాకా రానీ."

వచ్చింది. పొదిలిలో ఓ నీళ్ళ తొట్టి దగ్గర వాడే తీసి ప్యాచీ వేశాడు. పొద్దు వాలేవేళకు కనిగిరి కొండ కనపడింది. వాడు ముందు పోతున్నాడు. వాడు బిగించిన మూడు సైకిళ్ళు వాడి వెనక.