చిలుకమ్మ చేతికింద బిగిసిన కండరం

ఉదయం పదిన్నరకు చిలుకమ్మ కుడిచేయి సారలమ్మ పొత్తికడుపు మీద ఉంది. చేతికింద గర్భసంచి తడిపిన పిండిలా మెత్తగా ఉంది. మగపిల్లవాడు పుట్టి పావుగంట, మాయ పూర్తిగా పడి ఐదు నిమిషాలు. రక్తం మాత్రం ఆగడం లేదు. కింద పరచిన రెండో చీర కూడా తడిసింది.

అది 1979. నెక్కొండకు మూడు మైళ్ల దూరంలోని ఆ ఊళ్లో ఇరవై ఏళ్లుగా పురుళ్లు పోస్తున్న మంత్రసాని చిలుకమ్మ. నెక్కొండ స్టేషన్‌లో వరంగల్ వెళ్లే ప్యాసింజర్ రైలు పన్నెండుకు. ఎడ్లబండి కట్టడానికి సారలమ్మ భర్త కట్టయ్య పరుగెత్తాడు.

చిలుకమ్మ పొత్తికడుపును గట్టిగా రుద్దుతోంది. చేయి ఆడినంతసేపు బిగుస్తోంది, ఆపితే మళ్లీ జారిపోతోంది. కిందటి నెల శిక్షణలో నర్సు షహనాజ్ బేగం చెప్పింది గుర్తొచ్చింది. గర్భసంచి అంటే కండరమే. తొమ్మిది నెలలూ ఒంట్లోని ఒక రసం దాన్ని కదలకుండా నిద్రపుచ్చుతుంది. కాన్పు వేళకు ఆ పట్టు సడలుతుంది. బిడ్డ రొమ్ము చప్పరిస్తే తల్లి మెదడు నుంచి ఇంకో రసం రక్తంలోకి దిగి కండరాన్ని బిగిస్తుంది, రక్తనాళాల నోళ్లు మూసుకుంటాయి. "మెదడేడ, కడుపేడ మేడమ్!" అని ఆ రోజు అందరికంటే ముందు నవ్వింది చిలుకమ్మే.

"సోమక్కా, పిల్లగాన్ని తే. రొమ్ముకు పట్టియ్యాలె."

సారలమ్మ అత్త సోమక్క మనుమణ్ని గుండెకు హత్తుకుంది. "ఏందే చిలుకా, మూడొద్దులు కాకుండనే? ముర్రుపాలు పిండి పారబోస్తం గని తాగిపిస్తమా? ఇరవై ఏండ్లసంది నువ్వే చెప్తివి గదనే!"

నిజమే. ఊరంతటికీ ఆ మాట చెప్పింది ఆమే.

"చెప్పిన, తప్పు చెప్పిన! బర్రె ఈనితే జున్ను వండుకొని గిన్నె నాకుతవు, మనుమనికి ఇసమా? కోడలు పోతాంది, కండ్లకు కనవడ్తలేదా?"

సోమక్క తడిసిన చీరల వైపు చూసింది. బిడ్డను ఇచ్చింది.

పిల్లవాడు రెండుసార్లు వదిలేసి, మూడోసారి పట్టుకున్నాడు. చప్పరించాడు. "కడుపుల నొస్తాంది అత్తా, మల్ల నొప్పులు" అంది సారలమ్మ. చిలుకమ్మ చేతికింద ముద్ద దగ్గరపడింది, గుండ్రమైంది, కొబ్బరికాయలా గట్టిపడింది. రుద్దడం ఆపి చూసింది. జారలేదు.

"బిగిసింది సోమక్కా! బిగిసింది! ఆ నర్సమ్మ అబద్ధమాడలే!" చిలుకమ్మ అరుపుకు వాకిట్లో ఎడ్లు బెదిరాయి.

అయినా బండి ఆపలేదు. ప్యాసింజర్‌లో వరంగల్ దాకా చిలుకమ్మ చేయి సారలమ్మ పొత్తికడుపు మీదే ఉంది, పిల్లవాడు రొమ్ము దగ్గరే ఉన్నాడు. దవాఖానలో సూది వేశారు, రక్తం ఎక్కించారు, ఆరో రోజు ఇంటికి పంపారు.

రెండేళ్లకు అదే దవాఖానలో సారలమ్మకు ఆడపిల్ల పుట్టింది. ఈసారి ఎవరూ అడగకముందే సోమక్క బిడ్డను రొమ్ముకు పట్టించింది. అప్పటికి పుట్టి ఎనిమిది నిమిషాలు.