కొత్త బీడింగ్ వేయించినా కారిన కప్పు

నా పాత స్పోర్ట్స్ కారుకి పైకప్పు ఊడదీసి పక్కన పెట్టుకోవచ్చు. ఆ సరదాకి శిక్షగా వానొస్తే కారుతుంది. ఈ రోజు పొద్దున ఎల్బీనగర్‌లో మా మెకానిక్ యాదగిరి, కప్పు చుట్టూ ఎండి పగిలిన రబ్బరు బీడింగ్ పీకేసి కొత్తది వేశాడు. పైపుతో నీళ్ళు కొట్టి చూశాం. ఒక్క చుక్క లోపలికి రాలేదు.

కొత్తపేటలో ఇంటికొచ్చి, భోంచేసి, ఓ కునుకు తీసి సాయంత్రం దర్జాగా బయల్దేరాను. దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ దగ్గర వాన పట్టుకుంది. ముందు నా మోకాలి మీద చుక్క, ఆ తర్వాత ధార. అక్కడే యాదగిరికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను.

"పొద్దుగాల నీ ముందటనే నీళ్ళు కొట్టి చూపిస్తి గదనే అన్నా," అన్నాడు పాపం.

ఇంటికొచ్చి తడిమి చూస్తే, రబ్బరు కింద నల్లగుడ్డలో చుట్టిన పటిక ముక్క. కారుకి కట్టిన నిమ్మకాయా మిరపకాయలూ మొన్న నేను పీకి పారేశానని, ఈసారి నాకు కనపడకుండా అమ్మ దోపిన దిష్టి పటిక. తీసుకెళ్ళి చూపించాను.

"చూశావా, సగం కరిగిపోయింది. కారు మీద ఎంత దిష్టి ఉందో," అంది.

"అది వానకి కరిగిందమ్మా."

"నీకు తెలీదులే. రేపు ఇంకాస్త పెద్ద ముక్క పెడతాను."

యాదగిరికి ఫోన్ చేసి సారీ చెప్పాను. అమ్మకి చెప్పాల్సిన మాట మీకెవరికైనా తోస్తే కింద రాయండి. అందాకా కారు తాళాలు నా దిండు కిందే ఉంటాయి.