తెలియదన్నవాళ్ల గడి

ఇందాక పాప కడుపు ఉబ్బిందని సోంపు నీళ్లు మరిగించాను. పక్క గదిలో టీవీ, ఒక పార్టీకి ఎవరు నాయకుడైతే బాగుంటుందో జనం తేల్చేశారంటూ రంగురంగుల గీతలు చూపించింది. ఆ వాసన, ఆ మాటలు కలిసేసరికి యాకయ్య సారు గుర్తొచ్చారు. ఆయన జేబులో ఎప్పుడూ సోంపు పొట్లం ఉండేది. పాప పడుకుంది కానీ నాకు నిద్ర రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

డిగ్రీ అయ్యాక జనగామలో సారు నడిపే చిన్న సర్వే ఆఫీసులో చేరాను. ఊళ్లు తిరిగి జనం అభిప్రాయం అడగడం, వచ్చిన జవాబులకు అర్థం తేల్చడం మా పని. ఒకసారి ఒక పార్టీ వాళ్లు మహబూబాబాద్ జిల్లా అధ్యక్ష పదవికి ముగ్గురి పేర్లు ఇచ్చారు. ఇద్దరు పాత నాయకులు. మూడో ఆమె, టీచరు ఉద్యోగం మానేసి గంగారం వైపు పల్లెల్లో పనిచేస్తున్న మనిషి. జనం వద్దన్న పేరు కొట్టేస్తామని ముందే చెప్పారు.

తొర్రూరు దగ్గరి ఒక తండాకు సారుతో వెళ్లాను. నేను ప్రశ్న చదవగానే తండా పెద్ద నాయక్ ఒక పాత నాయకుడి పేరు చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్లందరూ అదే పేరన్నారు. పని తొందరగా అయిందని సంబరపడ్డాను. సారు నన్ను పక్కకు పిలిచి నవ్వారు.

"ఏంది బిడ్డా, తండానంత అడిగినవా, ఒక్క నాయక్‌నే అడిగినవా? పా, మిర్ప తోటలకు పోదాం."

తోటలో కాయ ఏరుతున్న ఒక అవ్వ, చేతులు ఆపకుండానే మూడు పేర్లూ విన్నది.

"గీ ఇద్దరి మొఖాలు సూసి సూసి యాష్టకొచ్చింది. గా పిల్ల ఎవలో నాకెర్కలేదు. ఒక్కపారి వచ్చి మాట్లాడుమను, గప్పుడు చెప్త."

పార్టీ వాళ్ల కాగితంలో ఒక్కో పేరుకూ 'కావాలి', 'వద్దు' అని రెండే గడులు. ఎటు రాయాలో తోచక సారు వైపు చూశాను. ఆయన పెన్ను తీసుకుని, పక్కన ఇంకో గడి గీసి, 'తెలియదు' అని రాశారు.

"ఎర్కలేదన్నోళ్లను వద్దన్నోళ్లల్ల కలిపితే, గా అవ్వ అనని మాట మనం అన్నట్టయితది."

లెక్కలు తేలాక పార్టీ మనిషి ఆఫీసుకు వచ్చాడు. టీచరమ్మ పేరు అందరికన్నా కింద ఉంది.

"ఇగ గీమెను తీసేద్దాం సారూ. జనం వద్దన్నరు గద."

"వద్దనలే తమ్మీ, ఎర్కలేదన్నరు. ఆమె తిరిగిన ఊళ్లల్ల సూడు, పాతోళ్లకంటె ఆమెనే నయమంటున్నరు."

"గవన్ని మాకెందుకు? ఒక్క పేరు చెప్పుండ్రి, సాలు."

"జనం చెప్పనిది నేనెట్ల చెప్త?"

మళ్లీ ఆ పార్టీ పని మాకు రాలేదు. అధ్యక్షుడిగా పాత నాయకుడినే పెట్టుకున్నారు. టీచరమ్మ పేరు మాత్రం కొట్టేయలేదు; ఆ ఏడు ఆమెను మండలాలన్నీ తిప్పారని విన్నాను. సారు ఇప్పుడు లేరు.

మొన్న ఇంటికొచ్చిన చుట్టాలు పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, అమ్మ ఇష్టమా, నాయిన ఇష్టమా అని అడిగారు. పాప మా ఇద్దరినీ చూసి ఊరుకుంది.

"సూసినవా, అమ్మ పేరు చెప్పలే. నాయిన బిడ్డనే!" అని మా అత్తమ్మ నవ్వింది.

తల్లినయ్యాక ప్రతిదానికీ ఉలిక్కిపడే నాకు ఆ మాట వినగానే మనసు చివుక్కుమంది. అయినా, "ఎవల పేరూ చెప్పలే అత్తమ్మా" అన్నాను. పాపను మళ్లీ అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు.